గొళ్ళెం చప్పుడు నుంచి కెమెరా గంట దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, విద్యుత్ శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసినవాడు కదా, ఏ సబ్‌స్టేషన్ గురించో, 1977 దివిసీమ తుపాను నాటి కష్టాల గురించో వ్రాస్తాడని ఆయన అనుకుని ఉంటారు. నేను మాత్రం ఇంటి గుమ్మం పక్కన ఉండే కాలింగ్ బెల్ గురించి వ్రాయదలిచాను. ఇంత చిన్న వస్తువుకు చరిత్ర ఏమిటని నవ్వకండి. ఆ చరిత్ర తెలియకపోబట్టే మా ఇంట్లో ఒక ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పిపోయింది. పిల్లలు విదేశాల్లో ఉన్న ప్రతి సభ్యుడి ఇంట్లోనూ రేపో మాపో ఇదే ముచ్చట జరగవచ్చు.

మా తాతగారి ఇంటికి గంట లేదు. అరుగు ఉండేది. వచ్చినవారు అరుగు మీద కూర్చుని ఒకసారి దగ్గేవారు, లేదా "ఇంట్లో ఎవరండీ?" అని కేకవేసేవారు. తలుపు మూసి ఉంటే గొళ్ళెం ఆడించేవారు. ఆ చప్పుడును బట్టే వచ్చింది ఊరివాడా, చుట్టమా, అప్పులవాడా అని మా బామ్మ చెప్పేసేది. వచ్చింది ఎవరో తలుపు తీయకుండా తెలుసుకోవడం అనే కోరిక ఈనాటిది కాదని చెప్పడానికే ఈ మాట.

గోల్కొండ కోట చూసినవారికి ఈ సంగతి బాగా తెలుసు. ఫతే దర్వాజా గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే, సుమారు కిలోమీటరు దూరాన కొండ మీద ఉన్న బాలాహిసార్‌లో వినిపిస్తుంది. తీగ లేదు, కరెంటు లేదు. రాతి కట్టడపు నేర్పుతోనే కుతుబ్‌షాహీలు కోటకు కాలింగ్ బెల్ పెట్టుకున్నారన్నమాట. 1605లో గద్దెనెక్కిన జహంగీరు చక్రవర్తి ఆగ్రా కోట బురుజు నుంచి యమున ఒడ్డున ఉన్న రాతి స్తంభం దాకా 60 గంటలు గుచ్చిన బంగారు గొలుసు కట్టించానని తన స్వీయచరిత్రలోనే వ్రాసుకున్నాడు. న్యాయం జరగనివాడు ఆ గొలుసు లాగితే చక్రవర్తికి వినబడాలని ఉద్దేశం.

ఇంగ్లండులోని పెద్ద భవనాలలో ఇదే పద్ధతి తీగలతో నడిచింది. గదిలో పిడి లాగితే గోడల వెంట పోయే తీగ వంటింటి దగ్గర వేలాడే గంటను కదిపేది. విలియం మర్డాక్ అనే ఇంజనీరు 1817లో బర్మింగ్‌హామ్‌లో కట్టుకున్న తన ఇంటికి గొట్టాలలో గాలి ఒత్తిడితో మోగే గంటను అమర్చుకున్నాడు.

ఇక మన శాఖ సంగతికి వస్తాను. తీగలో కరెంటు పారితే పక్కనున్న దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో డెన్మార్కుకు చెందిన అయిర్‌స్టెడ్ కనిపెట్టాడు. 1825లో ఇంగ్లండులో స్టర్జన్ విద్యుదయస్కాంతాన్ని ప్రదర్శించాడు. అమెరికాలో ఆల్బనీ పట్టణపు పాఠశాలలో ఉపాధ్యాయుడుగా ఉన్న జోసెఫ్ హెన్రీ 1831లో గది చుట్టూ మైలుకు పైగా తీగ చుట్టి, ఒక కొసన బ్యాటరీ కలిపితే రెండో కొసన గంట మోగేలా చేసి చూపించాడు. మన ఇంటి గుమ్మం గంటకూ, టెలిగ్రాఫుకూ మూలపురుషుడు ఆయనే అనవచ్చు.

హెన్రీ గంట ఒక్కసారి "టంగు" మనేది. విడవకుండా మోగే గంట 1850 ప్రాంతంలో వచ్చింది. అందులోని కిటుకు మనలో చాలామంది హైస్కూలు సైన్సు పుస్తకంలో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నదే. అయస్కాంతం సుత్తిని లాగుతుంది, గంట మోగుతుంది. సుత్తి కదలగానే తీగ కలయిక విడిపోతుంది, కరెంటు ఆగుతుంది. స్ప్రింగు సుత్తిని వెనక్కి తెస్తుంది, మళ్ళీ కలుస్తుంది. సెకనుకు ఎన్నోసార్లు ఇలా జరగడం వల్లనే ఆ గణగణ.

అయితే ఇంటింటికీ కరెంటు లేని ఆ రోజుల్లో ఈ గంటలు ఎలా మోగాయి? 1866లో ఫ్రాన్సుకు చెందిన లెక్లాంచె అనే ఇంజనీరు ఒక బ్యాటరీ చేశాడు. గాజు సీసా, అందులో నవాసాగరం కలిపిన నీళ్ళు, ఒక జింకు కడ్డీ, మాంగనీస్ డయాక్సైడ్ మధ్య ఒక బొగ్గు పలక. ఒక్కొక్కటి సుమారు ఒకటిన్నర వోల్టు ఇస్తుంది. నిరంతరం వాడితే అలసిపోతుంది, కొంచెం విశ్రాంతి ఇస్తే తేరుకుంటుంది. రోజుకు పదిసార్లు, ఒక్కో క్షణం మోగే గుమ్మం గంటకు ఇంతకంటె ఏం కావాలి? నాలుగు సీసాలు కలిపితే ఆరు వోల్టులు. తడిచేతితో ముట్టుకున్నా ఏమీ కాదు.

ఈ చివరి మాట దయచేసి గుర్తుంచుకోండి. అసలు కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

1885లో బుడాపెస్టు నగరంలో ముగ్గురు ఇంజనీర్లు ఆచరణకు పనికివచ్చే ట్రాన్స్‌ఫార్మరును తయారుచేశారు. తరువాత ఇళ్ళలోకి కరెంటు వచ్చినప్పుడు పాశ్చాత్య దేశాలవారు గుమ్మం గంటను తిన్నగా మెయిన్ లైనుకు కలపలేదు. బ్యాటరీ స్థానంలో ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టి, తక్కువ వోల్టేజీ పద్ధతినే కొనసాగించారు. బ్రిటనులో 8 వోల్టులు వాడుక అయింది. అమెరికాలో పాత ఇళ్ళలో 10, తరువాత 16 వోల్టులు స్థిరపడ్డాయి. 1930లలో అక్కడ గణగణలు పోయి "డింగ్ డాంగ్" వచ్చింది. తీగచుట్టలో ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. స్విచ్ నొక్కితే అది ఎగిరి ఒక లోహపు పట్టీని కొడుతుంది, అది డింగ్. వదిలితే స్ప్రింగు తోసి రెండో పట్టీని కొట్టిస్తుంది, అది డాంగ్.

మన దేశంలో ఈ చిన్న ట్రాన్స్‌ఫార్మరు పద్ధతి ఇళ్ళలో పాతుకోలేదు. మన డింగ్ డాంగ్ బెల్లు, పిట్టకూత బెల్లు, పాటల బెల్లు దాదాపు అన్నీ తిన్నగా 230 వోల్టుల మీద నడిచేవే. స్విచ్‌బోర్డు నుంచి ఫేజు తీగ గుమ్మం బయట ఉన్న బెల్ స్విచ్‌కు వెళ్ళి, అక్కడి నుంచి బెల్లుకు వస్తుంది. అంటే బయట వానలో, ఎండలో ఉండే ఆ చిన్న బొత్తాం వెనుక ఇరవై నాలుగు గంటలూ 230 వోల్టులు కాచుకుని ఉంటాయి.

ఇక గంటకు కన్ను ఎప్పుడు వచ్చిందో చెబుతాను. న్యూయార్కు నగరంలో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నల్లజాతి నర్సు ఉండేవారు. ఆమెవీ, ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ అయిన భర్త ఆల్బర్టువీ వేళకాని వేళ ఉద్యోగాలు. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు తలుపు చప్పుడైతే తీయడానికి ఆమెకు భయం. పిలిస్తే పోలీసులు వేగంగా వచ్చే పేట కాదు. భార్యాభర్తలిద్దరూ కలిసి తలుపుకు నాలుగు ఎత్తులలో రంధ్రాలు, వాటి వెంట పైకీ కిందికీ జరిగే కెమెరా, లోపల టీవీ, మాట్లాడటానికి మైకు, దూరం నుంచే తలుపు గడియ తీసే బొత్తాం, ఆపదలో మోగించే బొత్తాం ఉన్న ఏర్పాటును రూపొందించారు. 1966లో దరఖాస్తు పెడితే 1969 డిసెంబరు 2న పేటెంటు వచ్చింది. పెద్ద కంపెనీ ప్రయోగశాలలో కాక, ఒక ఇల్లాలి భయంలోంచి పుట్టిన వస్తువు అది.

ఇంటర్నెట్టూ, సెల్‌ఫోనూ వచ్చాక 2013లో జేమీ సిమినాఫ్ అనే ఆయన ఫోనులో మనిషిని చూపించే గంటను ఒక అమెరికా టీవీ కార్యక్రమంలో పెట్టుబడిదారుల ముందు పెట్టాడు. అక్కడ ఒప్పందం కుదరలేదు. తరువాత అదే 'రింగ్' అనే పేరుతో పెరిగి, 2018లో అమెజాన్ చేతికి వెళ్ళింది. ఈ రకం గంటలలో చాలావాటిని తయారుచేసినవారు అమెరికా ఇళ్ళలో అప్పటికే ఉన్న 16 వోల్టుల గంట తీగలను దృష్టిలో పెట్టుకున్నారు. పాత స్విచ్ ఊడదీసి, ఆ రెండు తీగలకే కొత్తది తగిలించుకోవచ్చునన్నది వారి ఆలోచన.

వినడానికి సులువే. కానీ మామూలు బెల్ స్విచ్‌కు కరెంటు అక్కరలేదు, కెమెరాకు ఎల్లవేళలా కావాలి. అందుకని ఈ కెమెరా గంట, లోపలి డింగ్ డాంగ్ తీగచుట్ట గుండానే కొద్దికొద్దిగా కరెంటు లాక్కుంటూ ఉంటుంది. ఆ కొద్ది కరెంటుకు లోపలి కడ్డీ ఎగరదు. ఎవరైనా నొక్కినప్పుడు మాత్రం రెండు తీగలనూ క్షణకాలం పూర్తిగా కలిపేస్తుంది, అప్పుడు గంట మోగుతుంది. ట్రాన్స్‌ఫార్మరు బలహీనమైతే ఈ పొత్తు చెడుతుంది.

దీన్ని నేను కళ్ళారా చూశాను. 2022 చలికాలంలో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాం. వాళ్ళ కెమెరా గంట పగలు బాగానే ఉండేది, చీకటి పడితే బొమ్మ ఆగిపోయేది. లోపలి డింగ్ డాంగ్ తేనెటీగలా జుమ్మనేది. అల్లుడుగారు ఇంటర్నెట్టు తప్పన్నారు. "మామయ్యగారూ, మీరు రిటైరయ్యారు, మీకెందుకండీ ఈ శ్రమ?" అన్నారు కూడా. నేను మల్టీమీటరు తెప్పించుకున్నాను.

ముందు లోపలి గంట పెట్టె మూత తీశాను. మూడు మరలు, వాటి పక్కన ఫ్రంట్, ట్రాన్స్, రియర్ అని వ్రాసి ఉంది. ముందు గుమ్మం, ట్రాన్స్‌ఫార్మరు, వెనుక గుమ్మం అన్నమాట. తరువాత నేలమాళిగలో ట్రాన్స్‌ఫార్మరును వెదికాను. దాని మీద 16 వోల్టులు, 10 వి.ఎ. అని ఉంది. కెమెరా గంట కాగితంలో 16 నుంచి 24 వోల్టులు, 30 వి.ఎ. అని ఉంది. వోల్టులు సరిపోయాయి, సత్తువ చాలలేదు. 10 వి.ఎ. ను 16 తో భాగిస్తే సుమారు 0.6 ఆంపియరు. 30 అయితే దాదాపు 1.9 ఆంపియర్లు. పగలు తీగల కొసన 17 వోల్టులు చూపిన మీటరు, రాత్రి కెమెరా తన చీకటి దీపాలు వెలిగించుకోగానే 12 కు పడిపోయింది. రోగం తెలిసింది. ట్రాన్స్‌ఫార్మరుకు అవతలి వైపు 120 వోల్టులు ఉంటాయి కనుక లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి 30 వి.ఎ. ది పెట్టించాం. జుమ్మనడం పోయింది, బొమ్మ నిలిచింది. అల్లుడుగారి దగ్గర నా పరపతి కొంచెం పెరిగింది.

ఆ ఉత్సాహంలో మా అమ్మాయి 2023 దసరాకు అటువంటిదే ఒకటి కాకినాడలో మాకు పంపింది. మా ఆవిడకు వినికిడి తగ్గింది. నేను బజారుకు వెళ్ళినప్పుడు ఎవరు వచ్చారో తెలియక తలుపు తీసేస్తోందని పిల్ల బెంగ. 1988లో కట్టుకున్న ఇల్లు మాది, టేకు పట్టీల మీద వేసిన వైరింగు.

పెట్టె వచ్చిన రోజున నేను పింఛను పని మీద బ్యాంకుకు వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి మా వీధి ఎలక్ట్రీషియన్ కుర్రాడు పాత బేకలైటు స్విచ్ ఊడదీసి, రెండు తీగలూ తోలు ఒలిచి, కొత్త గంట వెనుక మరలకు చుట్టబోతున్నాడు. మెయిన్ ఆపలేదు. మా ఆవిడ పక్కనే స్టూలు పట్టుకుని నిలబడి ఉంది.

"ఆగు బాబూ! చెయ్యి తియ్యి!" అని గేటు దగ్గరి నుంచే అరిచాను.

"రెండు తీగలే కదా సార్, అమ్మగారి ఫోనులో వీడియో చూపించారు. అచ్చం ఇలాగే కలిపారు" అన్నాడు.

వాడు చెప్పింది నిజమే. వీడియోలో ఉన్నవీ రెండు తీగలే, మా గోడలో ఉన్నవీ రెండు తీగలే. అక్కడివి 16 వోల్టులవి, ఇక్కడివి 230 వి. రంగు చూసి, సంఖ్య చూసి తీగ సంగతి తెలియదు. కలిపి ఉంటే ఆ గంట కాలిపోవడం ఒక్కటే అయితే డబ్బుతో పోయేది. 24 వోల్టులకు తయారైన పెట్టెలో 230 వోల్టులు చొరబడితే అది మంటకూ, షాకుకూ దారితీయవచ్చు. దాని ముఖం మీదే వచ్చినవారు వేలు పెడతారు.

మెయిన్ ఆపి, ఊడదీసిన పాత స్విచ్‌ను చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు నాకు సిగ్గువేసింది. సముద్రపు ఉప్పుగాలికి లోపలి ఇత్తడి పలకలు పచ్చబడి, బేకలైటు బీటవారి, తడి వెలుపలికి వచ్చే దారి తెరుచుకుని ఉంది. ఏడెనిమిదేళ్ళ కిందట వానాకాలంలో పాలు పోసే అబ్బాయి "బెల్లు జిల్లుమంటోందండీ" అన్నాడు. నేను నవ్వి, "చేతులు తుడుచుకుని నొక్కరా" అన్నాను. ఊళ్ళో ప్రతి స్తంభం ఎర్తింగూ పరీక్షించినవాణ్ణి, నా గుమ్మం బొత్తాం ముప్పై అయిదేళ్ళలో ఒక్కసారి విప్పి చూడలేదు. ఆ పిల్లవాడికి ఏదైనా అయి ఉంటే ఎవరికి జవాబు చెప్పుకునేవాణ్ణి?

ఆ రాత్రి అమ్మాయికి ఫోనులో చెప్పాను. "అయితే నాన్నగారూ, ఇక్కడి ట్రాన్స్‌ఫార్మరు కూడా పంపనా?" అంది. వద్దన్నాను. అది 120 వోల్టులకు చేసినది, మన 230 కి పెడితే కాలిపోతుంది. ఇక్కడ 230 ని 24 చేసే ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకోవచ్చు గాని, అప్పుడు లోపలి బెల్లు కూడా తక్కువ వోల్టేజీది మార్చాలి, పాత బెల్లు పనికిరాదు. ఆఖరికి బ్యాటరీతో నడిచి, ఇంట్లో ప్లగ్గులో పెట్టే గంట జతగా వచ్చే రకం ఇక్కడే కొన్నాం. పాత బెల్లు తీగను స్విచ్‌బోర్డు దగ్గరే విడదీయించి, కొసలు మూయించాను. ఇప్పుడు మా గుమ్మం బయట 230 వోల్టులు లేవు. ప్లగ్గు గంటను మా ఆవిడ కూర్చునే చోటికి దగ్గరగా పెట్టాం.

సభ్యుల ఉపయోగార్థం నాలుగు మాటలు క్రోడీకరిస్తాను.

ఒకటి. పిల్లలు కెమెరా గంట పంపితే, ముందు పెట్టె మీద వోల్టులు చదవండి. 16 - 24 వోల్టులు ఏ.సి. అని ఉంటే మన మామూలు బెల్లు తీగలకు అది తగదు. డి.సి. అని ఉంటే దానికి వేరే అడాప్టరు కావాలి.

రెండు. మీ ఇంటి బెల్లు మీద ఏం వ్రాసి ఉందో చూడండి. 230 వోల్టులు అని ఉంటే సంగతి తేలిపోయినట్టే. ఏమీ కనబడకపోతే 230 అనే భావించి, తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత మీటరుతో చూపించండి. టెస్టరు వెలగనంత మాత్రాన నమ్మకండి.

మూడు. అమెరికాలో పిల్లల ఇంట్లో అయితే ట్రాన్స్‌ఫార్మరు మీద వోల్టులతో పాటు వి.ఎ. కూడా చూడమనండి. లోపలి గంట లోహపు పట్టీలదా, ఎలక్ట్రానిక్ పాటదా అన్నది కూడా చూడాలి. రెండో రకానికి కొన్ని కెమెరా గంటలు పొసగవు, కొన్నింటికి అదనపు చిన్న పరికరం తగిలించాలి. అది తయారీదారుల కాగితంలో ఉంటుంది.

నాలుగు. కెమెరా పెట్టినా పెట్టకపోయినా, ఈ వానాకాలం లోపల మీ పాత బెల్ స్విచ్‌ను మెయిన్ ఆపించి విప్పించి చూడండి. బీట ఉంటే మార్పించండి. ఇంటికి ఆర్.సి.సి.బి. లేకపోతే పెట్టించండి. అలాగే కెమెరా ఎదురింటివారి గుమ్మంలోకి చూడకుండా తిప్పుకోవడం మర్యాద.

గొళ్ళెం రోజుల్లో తలుపు తట్టినవాడికి ఇంటివారి వల్ల ఆపద ఉండేది కాదు. లెక్లాంచె సీసాల నాడు కూడా లేదు. మధ్యలో మన సౌకర్యం కోసం మనమే గుమ్మం బయట 230 వోల్టులు పెట్టి మరచిపోయాం. వచ్చినవాడు ఎవరో మనకు తెలియడం ఎంత అవసరమో, మన గంట నొక్కినవాడు క్షేమంగా ఉండటం అంతకంటె అవసరం. పాలు పోసే ఆ అబ్బాయి ఇప్పుడు పెద్దవాడై ఆటో నడుపుతున్నాడు. మొన్న సంక్రాంతికి వచ్చి కొత్త గంట నొక్కాడు. నేను ఫోనులో వాడి ముఖం చూసి, తలుపు తీసి, ముందుగా ఆనాటి నా మాటకు మన్నించమని అడిగాను. వాడికి అది గుర్తు కూడా లేదు. నాకు మాత్రం ఉంది.